అక్క దులిపిన సంచి

ఏంటమ్మాయ్, తల తగిలిందా? ఆ కొక్కెం అంతే, కాస్త పొడుగున్న వాళ్ళందరి తలా చూసుకుంటుంది. తీసేయొచ్చుగా అంటావు. తియ్యను. కూర్చో ముందు. బూట్లు విప్పు, మేజోళ్ళు కూడా విప్పు తల్లీ, కాళ్ళ కంపుకి సిగ్గుపడాల్సిన ఇల్లు కాదిది, ఈ వసారా ఎక్కినోళ్ళంతా కంపు కొట్టుకుంటూనే ఎక్కారు. ఆ సంచి అలా గోడకి ఆనించు. మెల్లిగా, మెల్లిగా, పలకలు పాతవి. అబ్బో, ఏం చప్పుడు చేసిందే! బయలుదేరి నాలుగు రోజులైనా అయిందా లేదా, అప్పుడే భుజాలు కమిలిపోయాయా? ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా ఈ కొండబాటన నడిచి పోవాలి నువ్వు. ఇంకా మన జార్జియా కొండలే దాటలేదు. సర్లే, భయపెట్టడానికి అనలేదు. ఆ కొక్కెం అడిగావు కదా. దానికి ఒకప్పుడు కాటా వేలాడేది. మా బావది. డెల్మర్ బావ. మా ఒలీటా అక్క మొగుడు. ఇద్దరూ పోయి చాన్నాళ్ళయింది. ఈ ఇల్లు వాళ్ళదే, నేను ఊరికే కాపలా కుక్కని. కుక్కంటే గుర్తొచ్చింది, ఆ మూల పడుకుందే, దాని దగ్గర నీ తిండిసంచి పెట్టకు. ముసలిదే గానీ దొంగది.

బావకి కింద ఊళ్ళో దాణా కొట్టుండేది. కోళ్ళ మేత, ఆవుల మేత, మేకులు, తాళ్ళు, అన్నీ అమ్మేవాడు. ఆ రోజుల్లో ఈ బాట మీద నడిచే జనం తక్కువ. చెట్లమీద తెల్ల పట్టీలు చూసుకుంటూ ఇక్కణ్ణుంచి మెయిన్ దాకా అర్ధ సంవత్సరం నడిచేవాళ్ళుంటారంటే మా ఊరోళ్ళు నవ్వేవాళ్ళు, బస్సుల్లేవా వాళ్ళకి అని. ఒక వసంతంలో జోరున వాన, ఒకడు కొట్టులోకొచ్చాడు. చొక్కా భుజాల దగ్గర రక్తం. బావ వాడి సంచి లాక్కెళ్ళి మేత బస్తాలు తూచే కాటాకి తగిలించాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, "నాయనా, అప్పుడే పుట్టిన దూడని మోసుకెళ్తున్నావు, దాని తల్లికి తెలుసా?" అన్నాడు. అలా మొదలైంది. ఆ రోజు వాడి సంచి దులిపాడు. తర్వాత వాడు పైన ఎవరికో చెప్పాడు, వాడింకెవరికో. మరుసటేడు వసారా నిండా జనం. కొట్టులో మేత కొనేవాళ్ళకి దారి లేకపోతే అక్క కేకలేసి కాటాని ఇక్కడికి మార్పించింది. దులుపుడు అనేవాళ్ళం. ఇవాళ దులుపుడు ఎంతమందికి అని అడిగేది అక్క పొద్దున్నే, మొక్కజొన్న రొట్టెకి పిండి కలపాలి కదా.

ఎలా దులిపేవాడంటే, ఇదిగో ఇక్కడ నీలం టార్పాలిన్ పరిచేవాడు. ఉన్నదంతా దానిమీద పొయ్యమనేవాడు. తర్వాత ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఒకటే మాట అడిగేవాడు, ఇదెందుకు అని. అంతే. ఎగతాళి చేసేవాడు కాదు. ఇది వంట గిన్నె, వండుకోడానికి. సరే, ఉంచుకో. ఇది గొడ్డలి. గొడ్డలెందుకు? కట్టెలు కొట్టడానికి. పైనెన్ని ఎండుపుల్లలు పడుంటాయో తెలుసా? తెలుసు, కానీ ఎందుకైనా మంచిదని. ఆ మాట వచ్చిందా, అయిపోయింది. ఎందుకైనా మంచిదని అన్న ప్రతి సామానూ పెట్టెలోకి పోవాల్సిందే. అదే, నీ వెనకాల ఉన్న చెక్కపెట్టె. ఎవరికేది కావాలంటే అది తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. ఇప్పుడు కాస్త బోసిగా ఉంది గానీ ఆ రోజుల్లో చూడాల్సింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను, మడత కుర్చీ, అద్దం, ఇస్త్రీ పెట్టె కూడా వచ్చిందంటే నువ్వు నమ్మవు. ఒక పెద్దాయన లావుపాటి పుస్తకం తెచ్చాడు, చదివిన పేజీలు చింపి పొయ్యిలో వేసుకో, పోనుపోనూ తేలికవుతుంది అన్నాడు బావ. ఆయన ఏడ్చినంత పని చేశాడు. పళ్ళు తోముకునే బ్రష్షుల కాడలు కూడా కోయించేవాడు. నాకు నవ్వొచ్చేది. అది కోస్తే ఏం తగ్గుతుంది బావా, ఈగ బరువు కూడా ఉండదు, ఇదేం పిచ్చి అన్నాను ఒకసారి. "ఒరేయ్ వర్జిల్, తగ్గేది కాడ బరువు కాదు. సొంత బ్రష్షు కోసుకున్నవాడు ఆ తర్వాత గొడ్డలి వదలడానికి జంకడు" అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు కాదు గానీ, మనిషిలో ఆ తెలివి ఉండేది.

బావ ఇంకో మాట అనేవాడు. సంచిలో ఉండేది సామాను కాదురా, భయం అనేవాడు. చలంటే భయపడేవాడి సంచి నిండా బట్టలే. ఎలుగంటే భయపడేవాడి దగ్గర గంటలు, ఈలలు, డబ్బా మందులు. ఒంటరితనమంటే భయపడేవాడు పుస్తకాలు, రేడియో మోసుకొస్తాడు. సంచి విప్పితే మనిషిని విప్పినట్టే అనేవాడు. అందుకే అందరి ముందూ విప్పించేవాడు కాదు, ఆడపిల్లలైతే అక్క పక్కన కూర్చునేది. అన్నీ తీసేయించేవాడనుకోకు మళ్ళీ. ఒకతను వచ్చాడు, బొగ్గు గనుల ఊరివాడు, నాలుగు ఊళ్ళకి సరిపడా తిండి మోస్తున్నాడు. డబ్బాల మీద డబ్బాలు. ఇదెందుకంటే తలొంచుకుని, ఎందుకైనా మంచిదని అన్నాడు. నేనూ అక్కా చూస్తున్నాం, పెట్టెలోకి పోతుందని. బావ ఆ డబ్బాలు మళ్ళీ వాడి సంచిలోనే సర్దాడు. తర్వాత నేనడిగితే, చిన్నప్పుడు ఆకలి చూసినవాడురా వాడు, ఆ చేతులు చూడలేదా, వాడి దగ్గర తిండి తియ్యకూడదు, తినీ తినీ వాడే తేలికవుతాడు అన్నాడు. ఉన్ని బట్టల జోలికీ పోయేవాడు కాదు వసంతంలో. ఎండ కాస్తోంది కదా అని స్వెట్టర్లు ఇంటికి పంపేస్తారు మీరు. ఇంకా ముళ్ళపొదలు పూసేటప్పుడు ఒక చలొస్తుంది తల్లీ మా కొండల్లో, అది పోయేదాకా ఉన్ని వదలకు. ఇది నా మాట కాదు, బావ మాట.

అదే వస్తున్నా. నువ్వడిగింది నాకు వినపడింది, చెవుడు ఒక్క చెవికే. మరి ఆయన నడిచాడా అని కదా? అందరూ అదే అడిగేవాళ్ళు. ఇన్ని సంచులు దులిపిన మనిషి, ఈ గుమ్మం దాటి మీ వెనక కొండెక్కాడా అంటే, ఎక్కలేదు. చాలా ఏళ్ళు ఎక్కలేదు. ప్రతి వసంతమూ వచ్చే ఏడు అనేవాడు. కొట్టెవరు చూస్తారు అనేవాడు. కొట్టు అమ్మేశాక, పైకప్పు కారుతోంది అనేవాడు. మీరంతా పొద్దున్నే సంచులు తగిలించుకుని అదిగో ఆ మలుపు తిరుగుతారే, ఆ మలుపు దగ్గర చివరివాడు కనుమరుగయ్యేదాకా ఈ మెట్టు మీద నిలబడేవాడు. కాఫీ చల్లారిపోయేది. అక్క లోపల్నించి చూసేది. అసలు సంగతేంటంటే, అక్క కళ్ళు. కంటి నరం ఎండిపోతోందన్నారు డాక్టర్లు. మెల్లిగా, పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, ఏదో ఒక రోజు పూర్తిగా పోతుంది, ఎప్పుడో చెప్పలేం అన్నారు. చుక్కలమందు వేసుకునేది. బావ వదిలి వెళ్ళేదెలా? బావకేమో మోకాళ్ళు అరుగుతున్నాయి. ఇంకో ఏడాదో, రెండేళ్ళో, ఆ తర్వాత నడవాలన్నా నడవలేడు. ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. మొగుడూ పెళ్ళాలు అలాగే ఉంటారమ్మా, పెళ్ళయ్యాక నీకూ తెలుస్తుంది. కాలేదుగా? సరే.

ఒకరోజు మజ్జిగలో రొట్టె నలుపుకుని తింటున్నాం ముగ్గురం. అక్క ఉన్నట్టుండి, ఈ వసంతానికి నువ్వు బయలుదేరుతున్నావు అంది. బావ చెంచా ఆపాడు. వీడు ఇక్కడొచ్చి ఉంటాడు, వీడికేం పెళ్ళామా పిల్లలా అంది నన్ను చూపించి. నా పరువు అలా ఉండేది ఈ ఇంట్లో. బావ ఏదో అనబోయాడు. "ఆ మెట్టు మీద నీ వీపు చూసీ చూసీ విసుగొచ్చిందయ్యా నాకు. నాకు కళ్ళున్నప్పుడే ఒక్కసారి ఆ మలుపు తిరిగి చూపించు" అంది. బావ మళ్ళీ చెంచా తీసుకున్నాడు. రొట్టె తిన్నాం.

ఇక సర్దుకోడం చూడాలి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అయింది మా బావ పని. పదిహేను రోజులు సర్దాడు. పెట్టేవాడు, తీసేవాడు, తీసింది మళ్ళీ పెట్టేవాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకున్నారా? ఒకరు చాకు ఇచ్చారు, ఒకరు యాపిల్ గుజ్జు సీసా, గాజుది, మా పాస్టరుగారు బైబిలు ఇచ్చారు, పెద్ద అక్షరాలది. మొహమాటం మనిషి, ఎవరికీ వద్దనలేడు. బయలుదేరే ముందురోజు పొద్దున కాటాకి తగిలిస్తే, నేను చెబుతున్నా కదా, అదిగో ఆ దూలం మూలిగింది. అక్క వసారాలోకి వచ్చి, టార్పాలిన్ పరచరా అంది నాతో. కింద కూర్చుంది. అప్పటికి ఆమెకి ఎదురుగా ఉన్నది మాత్రం కాస్త కనపడేది, అదీ పొగలో చూసినట్టు. ఒక్కొక్కటీ చేత్తో తడిమి, పైకెత్తి, ఇదెందుకు అని అడగడం మొదలుపెట్టింది. బావ ఎదురుగా పీట మీద, బడిపిల్లాడిలా. యాపిల్ గుజ్జు ఎందుకు? పక్కింటావిడ బాధపడుతుంది కదా. ఆవిడ మెయిన్ దాకా వచ్చి చూస్తుందా? పెట్టెలోకి. బైబిలెందుకు? చదువుకోడానికి. కళ్ళజోడు లేకుండా సారా సీసా మీద పేరు చదవలేవు, కొండమీద చదువుతావా? అది నేనే పాస్టరుగారికి తిరిగిచ్చేశాను, ఆయన మొహం చూడాల్సింది. రెండో లాంతరు, మూడో తాడు, కుట్టు పెట్టె, పెంకుల మీద వేసే తారు డబ్బా కూడా ఉందమ్మా, నిజంగా, గుడారం కారితే పనికొస్తుందట. నేను నవ్వాపుకోలేక కుక్కని నిమురుతూ కూర్చున్నాను. ఇది కాదు, దీని అమ్మమ్మ.

అడుగునుంచి తీసింది చివరికి ఒక మేజోడు. లావుగా, నిగడదన్ని, మూతి ముడేసి ఉంది. అక్క దాన్ని ఎత్తబోతే ఒక చేత్తో లేవలేదు. రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుంది. లోపల గలగలమంది. అన్నీ పావలా డాలరు బిళ్ళలు. కొట్టు గల్లాపెట్టెలో ఏళ్ళ తరబడి పోగేసినవి. నీ సంచి పైజేబులో ఆ నల్ల ఇటికలు మూడున్నాయే, ఫోనుకి బ్యాటరీలా అవి? ఆ, వాటిలాంటివే అనుకో. అప్పట్లో రోడ్డు పక్క డబ్బా ఫోన్లుండేవి, దూరం ఊరికి మాట్లాడాలంటే బిళ్ళలు పోస్తూనే ఉండాలి. సంచిలో సగం బరువు అదే. ఇదెందుకు అంది అక్క. ఆమెకి అప్పటికే అర్థమైపోయింది.

"నీకు ఫోన్ చెయ్యడానికి" అన్నాడు బావ.

"ఎందుకు చెయ్యడం?"

బావ ఆ చెక్కపెట్టె వంక చూశాడు. ఆ మాట వస్తే పెట్టెలోకే పోతుందని ఆ పెట్టె పెట్టిన మనిషికి తెలియదా? అయినా ఆయనకి ఇంకో మాట దొరకలేదు. "ఎందుకైనా మంచిదని" అన్నాడు, మెల్లిగా.

అక్క నవ్వలేదు. ఆ మేజోడు ముడి విప్పి, లోపల చెయ్యి పెట్టి, ఒకే ఒక్క బిళ్ళ తీసి బావ చేతిలో పెట్టింది. మిగతాది నాకందించింది. నేను మోసుకెళ్ళి పెట్టెలో వేశాను. ఎవరో పట్టుకుపోయారు ఆ వేసవికే, ఎవరైతేనేం. ఆ ఒక్క బిళ్ళ ఎందుకంటే, చెబుతా విను. డబ్బాలో బిళ్ళ వేస్తేనే ఫోన్ లైను కలిసేది. ఆపరేటరు అమ్మాయి వచ్చేది. ఖర్చు అవతలి వాళ్ళ మీద వెయ్యి అని పేరు చెబితే, ఆమె ఇక్కడికి చేసి, ఫలానావారు ఫలానా ఊరి నుంచి, ఖర్చు మీరు పెట్టుకుంటారా అని అడిగేది. పెట్టుకుంటామంటే మాట కలిపేది. వద్దంటే పెట్టేసేది, అక్కడ బిళ్ళ టంగుమని కింద గిన్నెలో పడేది, తీసుకుని జేబులో వేసుకోడమే. అక్క అంది, నువ్వు ఊరు తగిలినప్పుడల్లా చెయ్యి. ఆ అమ్మాయి నీ పేరూ ఊరూ చెబుతుంది, నువ్వు బతికున్నావని నాకు తెలుస్తుంది. నేను వద్దంటాను, నా గొంతు నీకు వినపడుతుంది, నేను బాగున్నానని నీకు తెలుస్తుంది. వద్దంటే నడువు. సరే అన్నానంటే మాత్రం ఇంటికి రా. మాట్లాడుకోడం మటుకు వద్దు. ఎందుకే అన్నాడు బావ. మాట్లాడితే నా గొంతులో ఏదో వెతుక్కుంటావు, ఒక్కసారి దగ్గితే చాలు తిరుగుబస్సు ఎక్కేస్తావు, నాకు తెలుసు నీ సంగతి అంది. మరుసటి రోజు పొద్దున బావ ఆ మలుపు తిరిగాడు. అక్క మెట్టు మీద నిలబడింది. ఎంతవరకు కనపడిందో నాకు తెలియదు. మలుపు దాటి చాలాసేపైనా అలాగే నిలబడుంటే, వెళ్ళిపోయాడక్కా అన్నాను. నాకు కనపడుతోందిలే అంది. కాఫీ తాగుతావా? మా ఇంట్లో కాఫీ పల్చన. నాకూ ఒక గ్లాసు పొయ్యి, ఆ కెటిల్‌లో ఉంది. చాలు, చాలు.

అలా నడిచింది కథ. ఫోను వంటింటి గోడకి ఉండేది. మోగితే నేను తియ్యకూడదు, అక్కే తడుముకుంటూ వెళ్ళి తీసేది. డెల్మర్, డమాస్కస్ నుంచి, అదీ ఈ బాట మీది ఊరే. వద్దండీ. టక్. డెల్మర్, హార్పర్స్ ఫెర్రీ నుంచి. వద్దండీ. టక్. అంతే. తర్వాత ఆ రోజంతా పాటలు పాడుకుంటూ తిరిగేది, కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఊళ్ళో ఎవరైనా డెల్మర్ ఎలా ఉన్నాడంటే, బాగున్నాడు, పొద్దున్నే వద్దన్నాను అనేది. ఒకసారి ఒక ఆపరేటరుకి ఒళ్ళు మండింది. పాపం, ఆ పిల్లే అంతకుముందు కూడా తగిలినట్టుంది. అమ్మా, ఎవరో పెద్దాయనండీ, ఆయాసపడుతున్నారు, ఒక్క మాట మాట్లాడనివ్వండి, మీరాయనకి ఏమవుతారు అందట. "భార్యని. అందుకే వద్దంటున్నా" అంది అక్క. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో. బావ అటువైపు ఇదంతా విన్నాడట. డబ్బా ఫోను పట్టుకుని పెట్రోలు బంకులో పడీ పడీ నవ్వానురా అని తర్వాత చెప్పాడు. ఆయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు మరి, నమ్మాలంతే.

ఆగస్టు నెల. బావ వెర్మాంట్ కొండల్లో ఎక్కడో ఉన్నాడు. పొద్దున నేను గుడ్లు వేయిస్తున్నాను. అక్క లోపల్నించి వచ్చి కుర్చీలో కూర్చుని, ఏరా, ఇంకా తెల్లారలేదేంటి, అప్పుడే లేచావు అంది. ఎండ బల్లమీద పడుంది తల్లీ. ఆమె చేతిమీద పడుంది. నేను గరిటె వదిలేసి ఆమె వంకే చూస్తున్నాను. గుడ్లు మాడిపోతున్నాయి. అక్క మాడు వాసన చూసి, నేను మాట్లాడకపోడం గమనించి, చెయ్యి తిప్పి అరచేతికి ఎండ తగిలించుకుని, ఓహో అంది. అయితే వచ్చేసిందన్నమాట అంది. పొయ్యి ఆపరా ముందు అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది ఎప్పుడో చెప్పిందే, చెయ్యడానికేం లేదన్నాడు ఆయన. దారంతా కారులో నేను ఏడుస్తూ నడుపుతుంటే, రోడ్డు చూడరా, ఇద్దరికీ కనపడకపోతే ఎలా అంది. ఇదీ మనిషి.

తర్వాత నాలుగైదు రోజులు మా ఇద్దరికీ యుద్ధమే. ఫోనొస్తే సరే అను అని నేను. బావకి తెలియాలి, రేపొచ్చి నన్ను పట్టుకుంటే నేనేం చెప్పను అని నేను. ఆమె వినిపించుకోదు. ఇంట్లో గోడలు పట్టుకుని నడవడం నేర్చుకుంటోంది. ఇన్ని అడుగులకి బల్ల, ఇన్ని అడుగులకి ఫోను అని. మోకాళ్ళకి దెబ్బలు. ఒకరోజు మధ్యాహ్నం మోగింది. తడుముకుంటూ వెళ్ళి తీసింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను, ఆపరేటరు గొంతు బయటికి వినపడుతోంది. డెల్మర్, హానోవర్ నుంచి, ఖర్చు మీరు పెట్టుకుంటారా? ఇంకో రెండు రాష్ట్రాలున్నాయి బావకి, పెద్ద కొండలన్నీ ముందున్నాయి. అక్క నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. సరే అను అక్కా, నీకు దణ్ణం పెడతా అన్నాను నేను, గుసగుసగా. గోడకి ఆనుకుంది. గొంతు సర్దుకోలేదు, దగ్గలేదు. "వద్దండీ" అంది. ఎప్పుడూ అన్నట్టే. డమాస్కస్‌కి ఎలా అందో అలాగే. టక్ మన్నాక కూడా ఫోను గుండెకి ఆనించుకుని నిలబడే ఉంది. నాకు కోపం వచ్చింది. నీకేమైనా మతి ఉందా అన్నాను, పెద్దదాన్ని పట్టుకుని. అప్పుడంది అక్క, "పోయిన కళ్ళు ఆయన సంచిలో వేస్తే, అవెందుకు అంటే ఏం చెప్పాలిరా?" అని. వెళ్ళి బీన్సు గిల్లుతూ కూర్చుంది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆకులు ఎర్రబడ్డాక వచ్చాడు. ఎవరిదో ట్రక్కు అదిగో ఆ రోడ్డుమీద దింపేసి పోయింది. గడ్డం ఇంత, మనిషి ఎండిన చువ్వలా ఉన్నాడు. చివరి కొండ కూడా ఎక్కాడు, బాట అక్కడితో అయిందని పైన పాతిన పలక ముట్టుకున్నాడు, మెయిన్ నుంచి చివరి వద్దండీ విని బస్సెక్కాడు. అక్క ఇదే కుర్చీలో ఉంది. అడుగుల చప్పుడు విని లేచి నిలబడింది, నవ్వుతోంది, కానీ మొహం కాస్త పక్కకి ఉంది. ఆ చెట్టు వైపు. బావ ఆ రెండో మెట్టు దగ్గర ఆగిపోయాడు. నా వంక చూశాడు. నేను తలొంచుకున్నాను. సంచి తగిలించు ముందు అంది అక్క. తగిలించాడు. ముల్లు ఎక్కడుందిరా అని నన్నడిగింది, చెప్పాను. చూశావా, నేను దులిపితే ఎలా ఉంటుందో అంది. బావ ఆమె దగ్గరికొచ్చి ఎప్పటినుంచి అన్నాడు. నువ్వు వెర్మాంట్‌లో ఉన్నప్పుడు అంది. ఎందుకు చెప్పలేదే, వచ్చేసేవాణ్ణి కదా అన్నాడు. "నువ్వొచ్చి ఏం చేస్తావయ్యా, దీపం పెడతావా?" అంది. ఆయన ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అంత మనిషీ. ఆమె ఆ గడ్డం అంతా తడుముతూ, ఇదేంటి, నా మొగుణ్ణి పంపిస్తే మేకని పంపారు అంటోంది. నేను ఇంక అక్కడ ఉండలేక బావికాడికి వెళ్ళిపోయాను.

ఆ చలికాలమంతా చెబుతూనే ఉన్నాడు ఆమెకి. పొయ్యి దగ్గర కూర్చుని, ఈ వంక ఇలా ఉంది, ఆ వంక దాటేటప్పుడు ఇలా జారాను, ఫలానా చోట దుప్పి ఇలా చూసింది అని. ఫోనులో చెప్పని మాటలన్నీ మూటగట్టి తెచ్చుకున్నాడు కదా. బాటంతా మళ్ళీ నడిపించాడు ఆమెని. ఆమె మధ్యమధ్యలో ఆపి, ఆగు, చెట్లు ఏ రంగు అనేది. ఆకుపచ్చ అంటే ఒప్పుకునేది కాదు, ఏ ఆకుపచ్చ అనేది. బాగా బతికారమ్మా ఆ తర్వాత. వసంతం వస్తే దులుపుడు ఇద్దరూ కలిసి చేసేవాళ్ళు, ఆయన పేరు చెప్పేవాడు, ఆమె తడిమి, ఇదెందుకు అనేది. అక్క ముందు పోయింది. నిద్రలోనే, ఏమీ కష్టపడలేదు. బావ ఆ తర్వాత పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆ ఒక్క బిళ్ళ ఉండేది ఆయన దగ్గర. డబ్బాలో వేసినన్నిసార్లూ తిరిగొచ్చింది కదా, అదే బిళ్ళ, ఇక్కణ్ణుంచి మెయిన్ దాకా పోయి వచ్చింది. బొమ్మ అరిగిపోయి నున్నగా అయింది. చొక్కా జేబులోంచి తీసి వేళ్ళతో తిప్పుకుంటూ ఉండేవాడు. ఒకరోజు నాతో అన్నాడు, ఒరేయ్, ఇంకేం వద్దురా, మీ అక్క ఒక్కసారి వద్దండీ అంటే చాలు, వినేసి పెట్టేస్తాను అని.

రెండేళ్ళు ఉన్నాడు అలా. పోయినప్పుడు సూటు నేనే తొడిగాను. నల్లది, పెళ్ళినాటిది, వదులైపోయింది. జేబులన్నీ ఖాళీ చేశాను, జేబురుమాలు, చాకు, పుల్లలు, అన్నీ. మన బావ సంగతి తెలుసు కదా, ఉత్త చేతులతో పంపించాలి. శవపెట్టె మూసేముందు ఆ బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసి గుండీ పెట్టాను. పాస్టరుగారు పక్కనే ఉన్నారు, చూశారు. అదెందుకు వర్జిల్ అన్నారు. ఎందుకైనా మంచిదని అన్నాను.

...

ఊఁ, చాల్లే. కాఫీ చల్లారిపోయింది. ఏదీ, ఆ టార్పాలిన్ ఇలా లాగు. ఆ నల్ల ఇటికలు బయటికి తియ్యి ముందు. రెండు పెట్టెలో వెయ్యి. ఒకటి ఉంచుకో, మీ అమ్మకి చెయ్యాలిగా.